ఒక గదికి ఒకే మర: నెట్‌వర్క్ ర్యాక్ స్క్రూలపై సమీక్ష

కొత్త స్విచ్ పెట్టె విప్పితే అడుగున రెండు మూడు చిన్న ప్లాస్టిక్ సంచులు కనిపిస్తాయి. ఒకదాంట్లో పొట్టి స్క్రూలు, ఇంకోదాంట్లో పొడుగువి, మూడోదాంట్లో చూడటానికి అచ్చం రెండోవాటిలాగే ఉండేవి. సిస్కో క్యాటలిస్ట్ 2960 లాంటి స్విచ్‌లతో 8 నంబరు, 10 నంబరు, 12 నంబరు స్క్రూలు కలిసి వచ్చేవి. 8 నంబరువి చెవులను, అంటే స్విచ్‌ను ర్యాక్‌కు పట్టి ఉంచే రెండు పక్కల రేకు పట్టీలను, స్విచ్‌కు బిగించడానికి. మిగతా రెండూ ర్యాక్‌కు బిగించేవే గానీ, ఏ ర్యాక్‌కైనా వాటిలో ఒకటే పనికొస్తుంది. మన దగ్గర అమ్మే ర్యాక్‌లకు చాలాసార్లు ఆ రెండూ పనికిరావు, ఎందుకంటే ఇక్కడ ర్యాక్‌తో పాటు వచ్చేది ఎం6 నట్టు. ఇంత చిన్న వస్తువులో ఇన్ని రకాలెందుకు, ఏది ఎంచుకోవాలి, అసలు ఆ ఎంపిక స్క్రూ దగ్గర మొదలవ్వాలా, ఇంకెక్కడైనానా అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ర్యాక్ స్క్రూల విషయంలో చాలామంది బలం గురించి ఆలోచిస్తారు. అసలు చిక్కు చాలా మటుకు పొత్తు కుదరకపోవడంలో ఉంది. స్క్రూ తెగి స్విచ్ కిందపడటం అరుదు. కుదరని మరను బలవంతంగా తిప్పి నట్టును పాడుచేయడం, తల అరిగిపోయి స్క్రూ బయటికి రాకపోవడం, నాలుగు బిగించాల్సిన చోట రెండే బిగించి వెళ్లిపోవడం మాత్రం ఏ సర్వర్ గదిలోనైనా కనిపించేవే. కాబట్టి మంచి స్క్రూ ఏదని వెతకడం కన్నా, ఒక గదిలో ఒకే మర ఉండేలా చూసుకోవడమే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

19 అంగుళాల ర్యాక్ పుట్టింది కంప్యూటర్ గదిలో కాదు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో. రిపీటర్లూ టెర్మినేషన్ పరికరాలూ ఆక్రమించే చోటు తగ్గించడానికి అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ 1922 ప్రాంతంలో ఈ కొలతను స్థిరపరిచింది. తర్వాతి కాలంలో అదే ఈఐఏ-310 ప్రమాణంగా, అంతర్జాతీయంగా ఐఈసీ 60297గా కుదురుకుంది. పరికరం ముందు పలక వెడల్పు 482.6 మిల్లీమీటర్లు. ఎడమ కుడి కన్నాల మధ్య దూరం 465.1. ర్యాక్‌లో ఎత్తుకు కొలమానమైన ఒక 'యూ' 44.45. నిలువుగా కన్నాల మధ్య దూరాలు 15.875, 15.875, 12.7 చొప్పున తిరిగి తిరిగి వస్తాయి. దగ్గరగా ఉన్న రెండు కన్నాల మధ్య, అంటే 12.7 ఉన్న చోట, ఒక యూ ముగిసి ఇంకోటి మొదలవుతుంది. యూ అంకెలు అచ్చువేయని ర్యాక్‌లో ఈ ఒక్క గుర్తు చాలు. ఇది చూసుకోకుండా ఒక కన్నం అటూఇటుగా నట్టు పెడితే, పైన వచ్చే ప్రతి పరికరమూ మూడోవంతు యూ జరిగి కూర్చుంటుంది. చివరికి 42 యూల ర్యాక్‌లో చోటు ఉన్నట్టే ఉండి పెట్టె మాత్రం పట్టదు.

కన్నం ఎక్కడుండాలో ఇంత కచ్చితంగా చెప్పిన ప్రమాణం, అందులో ఏ మర ఉండాలన్నది మాత్రం ఒక్కదానికి కట్టెయ్యలేదు. ఆ వదిలిన చోటే ఈ గందరగోళమంతా పెరిగింది.

కన్నాలు మూడు రకాలు. మొదటిది, స్తంభంలోనే మర కోసి ఉన్న గుండ్రని కన్నం. అమెరికాలో టెలికాం గదుల్లో నిలబెట్టే రెండు స్తంభాల రిలే ర్యాక్‌లు ఎక్కువగా ఇలాంటివే. స్క్రూ ఒక్కటి చాలు, నట్టుతో పని లేదు, బిగింపు శుభ్రంగా ఉంటుంది. ఇబ్బందల్లా మర ఒకసారి పాడైతే పాడైంది స్తంభమే. మర కోసే ట్యాప్ పెట్టి మళ్లీ మర కొయ్యాలి, లేదంటే ఆ కన్నాన్ని వదులుకోవాలి. రెండోది మర లేని గుండ్రని కన్నం. దానికి స్తంభం అంచు మీదుగా తొడిగే క్లిప్ నట్టు వాడతారు. ఇప్పుడు తగ్గిపోతున్న పద్ధతి ఇది, దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మూడోది 9.5 మిల్లీమీటర్ల చదరపు కన్నం, అందులో స్ప్రింగు ఉక్కు పంజరంలో కూర్చున్న కేజ్ నట్టు. మన దేశంలో సర్వర్ ర్యాక్ అంటే దాదాపుగా ఇదే.

ఈ మూడింటిలో చదరపు కన్నమే మేలన్నది నా తీర్పు. కారణం ఒక్కటే: మర పాడైతే పోయేది ఒక చిన్న నట్టు, ర్యాక్ కాదు. పైగా ఏ మర కావాలన్నా నట్టు మార్చుకుంటే సరిపోతుంది, పనిముట్టు లేకుండా బిగిసే పట్టాలు చాలావరకు ఈ కన్నాన్ని దృష్టిలో పెట్టుకునే తయారవుతున్నాయి. మర కోసిన కన్నాల వాదనా తీసిపారేసేది కాదు. రెండు స్తంభాల అల్యూమినియం ర్యాక్‌లో ప్యాచ్ ప్యానెళ్లే బిగించేటప్పుడు వందల కేజ్ నట్లు ఎక్కించే శ్రమ తప్పుతుంది. అయితే ఆ ర్యాక్‌లు తరచూ విప్పి బిగించే చోటికి కాక, ఒకసారి బిగించి ఏళ్లపాటు వదిలేసే చోటికి సరిపోతాయి.

ఇక మరల దగ్గరికొద్దాం. నెట్‌వర్క్ గదుల్లో నాలుగు మరలు తిరుగుతుంటాయి: ఎం5, ఎం6, 10-32, 12-24. మొదటి రెండూ మెట్రిక్. ఎం6 అంటే స్క్రూ బయటి వ్యాసం 6 మిల్లీమీటర్లు, ఒక మరకూ ఇంకో మరకూ దూరం 1 మిల్లీమీటరు. ఎం5లో ఆ దూరం 0.8. తర్వాతి రెండూ అమెరికన్ కొలతలు. 10-32లో 10 అన్నది స్క్రూ నంబరు, 32 అన్నది అంగుళానికి మరల లెక్క. మిల్లీమీటర్లలో వ్యాసం 4.83, మరల దూరం 0.794. 12-24కు వ్యాసం 5.49, మరల దూరం 1.058. అమెరికాలో ఆడియో, ప్రసార రంగాలది 10-32 అలవాటు, టెలికాం ర్యాక్‌లది 12-24 అలవాటు. మరలు దూరదూరంగా ఉండే 12-24 మెత్తని అల్యూమినియంలో బాగా పట్టు పడుతుంది గనక ఆ ర్యాక్‌లకు అది తగినదే.

ఈ అంకెల్లోనే ప్రమాదం దాగుంది. ఎం5, 10-32 దాదాపు కవలలు. 10-32 స్క్రూను ఎం5 నట్టులో తిప్పితే హాయిగా వెళ్తుంది, చేతికి తేడా తెలియదు, కొంచెం వదులుగా మాత్రం కూర్చుంటుంది. ఎం5 స్క్రూను 10-32 నట్టులో తిప్పితే ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. పవర్ డ్రిల్ చేతిలో ఉన్నవాడు ఆగడు, నొక్కి తిప్పుతాడు. అక్కడితో రెండూ పాడవుతాయి. 12-24 స్క్రూను ఎం6 నట్టులో పెట్టడం ఇంకా చెడ్డది, ఎందుకంటే అది కూడా లోపలికి వెళ్తుంది. లెక్క వేసి చూస్తే, ఎం6 నట్టు మర ఎత్తులో సగం మేరకే ఆ స్క్రూకు పట్టు దొరుకుతుంది. మరల దూరంలో తేడా కూడా ఒక్కో చుట్టుకు 0.058 మిల్లీమీటర్ల చొప్పున పేరుకుంటుంది కాబట్టి బరువంతా ఒకటి రెండు మరల మీదే పడుతుంది. బిగిసినట్టే బిగిసి, ఇంకొక్క పావు చుట్టు తిప్పగానే జారిపోతుంది. జారిపోకుండా నిలిచిపోయిందంటే మరీ ప్రమాదం: రేపెప్పుడో పరికరం మార్చేటప్పుడు దాని సంగతి తెలియని మరో టెక్నీషియన్ చేతిలో అది ఊడి వస్తుంది.

అసలు పోలిక లేని రెండు వ్యవస్థల మరలు ఇంత దగ్గరగా ఎలా వచ్చాయి? బ్రిటన్‌లో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు 55 డిగ్రీల కోణంతో ఒక పద్ధతి ప్రతిపాదించాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలతో ఇంకో పద్ధతి పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన పోరాడుతున్న దేశాల యంత్రాల బోల్టులు ఒకదాని నట్టులోకి ఇంకోటి దూరక పడిన అవస్థ తర్వాత, 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి 60 డిగ్రీల కోణంతో ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి. 10-32, 12-24 ఆ కుటుంబానివి. మెట్రిక్ మర కోణం కూడా 60 డిగ్రీలే. కోణం ఒకటే కావడం, పైన చెప్పిన వ్యాసాలూ మరల దూరాలూ దగ్గర దగ్గరగా ఉండటం వల్లే ఇవి ఒకదానిలో ఒకటి మొదటి రెండు చుట్లు నమ్మకంగా తిరుగుతాయి.

కంటితో వీటిని విడదీయడం ఎంతవరకు సాధ్యం? వెర్నియర్ ఉంటే ఎం6నూ 12-24నూ తేలిగ్గా పట్టేయవచ్చు. అర మిల్లీమీటరు తేడా ఉంది. ఎం5, 10-32 మధ్య తేడా 0.17 మిల్లీమీటర్లే, తయారీలో వచ్చే సహజమైన హెచ్చుతగ్గుల్లో అదీ కరిగిపోతుంది. వాటికి కొలమానం కన్నా తెలిసిన నట్టే నమ్మకమైన పరీక్ష. నాలుగు రకాల నట్లను ఒక తీగకు గుచ్చి పనిముట్ల సంచిలో వేసుకుంటే, ఎక్కడ ఏ స్క్రూ దొరికినా అర నిమిషంలో తేలిపోతుంది. చివరిదాకా చేత్తో, వదులు లేకుండా, పట్టేయకుండా తిరిగిందే సరైన జత.

భారతదేశంలో 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాయి. ఇక్కడ హార్డ్‌వేర్ దుకాణంలో ఎం6 ఎప్పుడైనా దొరుకుతుంది. 12-24 అడిగితే చాలా ఊళ్లలో దొరకదు. ఇక్కడి గదికి ఎం6ను ఏకైక మరగా పెట్టుకోమనడానికి ఇదే నా మొదటి కారణం. ఎం5 తేలికపాటి పరికరాలకు సరిపోతుంది నిజమే. కానీ దాన్ని గదిలోకి రానిచ్చిన రోజునే 10-32తో కలిసిపోయే దారి తెరిచినట్టు. విదేశీ స్విచ్‌తో వచ్చిన 10, 12 నంబరు స్క్రూల సంచిని డబ్బాలో దాచుకోవద్దు; పరికరం ఎక్కించిన రోజే గది దాటించేయాలి. దాచుకున్న ఆ సంచులే పదేళ్ల తర్వాత రకరకాల స్క్రూలు కలగలిసిన డబ్బాగా మారతాయి.

ఇప్పుడు బలం సంగతి. మామూలు 4.8 తరగతి ఉక్కుతో చేసిన ఒక్క ఎం6 స్క్రూ, సాగకుండా 600 కిలోలకు పైగా లాగుడును తట్టుకుంటుంది. నాలుగు స్క్రూలున్న స్విచ్‌కు అది ఎంత ఎక్కువో చెప్పనక్కర్లేదు. అందుకే 8.8 తరగతి వేస్తే మంచిదా, 10.9 వేస్తే మంచిదా అన్న చర్చకు ర్యాక్ ముందు పెద్దగా అర్థం లేదు. ముందుగా లొంగేది స్క్రూ కాదు, రేకు చెవి.

5 కిలోల స్విచ్‌ను ముందు చెవులతోనే వేలాడదీశామనుకుందాం. లోతు 40 సెంటీమీటర్లు, బరువు కేంద్రం స్తంభానికి 20 సెంటీమీటర్ల వెనక. వెనక వైపు కిందికి వాలాలని చూస్తుంది కాబట్టి చెవి పై అంచు స్తంభానికి ఒత్తుకుంటుంది, కింది భాగం ముందుకు లేస్తుంది. అంటే లాగుడు పడేది కింది స్క్రూ మీద. పై అంచు నుంచి కింది కన్నానికి దూరం సుమారు 38 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే ఒక్కో చెవి దగ్గర కింది స్క్రూ మీద సుమారు 13 కిలోల లాగుడు. ఇప్పుడు కింది స్క్రూలు వదిలేసి పైవి మాత్రమే బిగించారనుకోండి. పై కన్నం అంచుకు ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉంది. లాగుడు ఆరు రెట్లయి 79 కిలోల దాకా పోతుంది. స్క్రూకు అదీ లెక్క కాదు. చెవి వంగుతుంది, వెనక భాగం వాలుతుంది, కింద ఉన్న పరికరం మూత మీద ఆనుతుంది. రెండే స్క్రూలు ఉన్నాయంటే అవి కింది కన్నాల్లోకే వెళ్లాలి. ఎక్కించేటప్పుడు కూడా ముందు కిందివి పట్టించి, తర్వాత పైవి వేయడం క్షేమం.

ఈ లెక్క పొడవైన పరికరాలకు ఏమౌతుందో చూడండి. 70 సెంటీమీటర్ల లోతున్న 20 కిలోల 1యూ సర్వర్‌కు, సరిగ్గా నాలుగూ బిగించినా కింది స్క్రూల మీద ఒక్కోదానికి 90 కిలోల లాగుడు వస్తుంది. రెండు మిల్లీమీటర్ల రేకు చెవి దాన్ని ఏళ్ల తరబడి మోయలేదు. అక్కడ ప్రశ్న స్క్రూది కాదు, పట్టాలదీ అరదీ. బరువు కింద నుంచి మొయ్యాలి, ముందు స్క్రూ పరికరం జారి బయటికి రాకుండా మాత్రమే ఉండాలి. బ్యాటరీలున్న ర్యాక్ యూపీఎస్ విషయంలో ఇది ఇంకా నిక్కచ్చిగా పాటించాలి: పట్టాల మీద, ర్యాక్ అడుగున.

పక్కకు ఒక మాట. గట్టిగా బిగిసిన స్క్రూ, పరికరం బరువును నేరుగా తన ఒంటి మీద మోయదు. చెవికీ స్తంభానికీ మధ్య ఒత్తిడి పెంచి, ఆ రాపిడితో మోయిస్తుంది. కేజ్ నట్టు తన పంజరంలో కొంచెం అటూఇటూ కదిలేలా కావాలనే తయారవుతుంది. కన్నాల్లో చిన్న తేడాలుంటే సర్దుకోవడానికి. బిగింపు చాలకపోతే ఆ కదలికే పరికరాన్ని ఒక మిల్లీమీటరు కిందికి దించుతుంది, పై యూలో సందు, కింది యూలో ఇరుకు ఏర్పడతాయి. కొత్త ప్యాచ్ ప్యానెల్ ఎందుకు దూరడం లేదని తలపట్టుకునే చోట చాలాసార్లు కారణం ఇదే.

మరి ఎంత గట్టిగా? 4.8 తరగతి ఎం6కు 4 నుంచి 5 న్యూటన్ మీటర్లు సబబైన బిగింపు, ఎం5కు అందులో సగం పైచిలుకు. పరికరం పుస్తకంలో వేరే అంకె ఉంటే దానిదే పైచెయ్యి. మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పాలి. ఈ ఒక్క అలవాటుతో అడ్డంగా మర పడే ప్రమాదం దాదాపు పోతుంది. మొనలో మర లేకుండా కొద్దిగా సన్నగా ఉండే స్క్రూలు కూడా దొరుకుతాయి. కన్నంలో తమంతట తామే నిటారుగా కూర్చుంటాయి. ధర కొంచెం ఎక్కువైనా ఇవ్వదగ్గదే.

తల అరిగిపోవడం గురించి చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. మనవాళ్లు స్టార్ స్క్రూడ్రైవర్ అని పిలిచే ఫిలిప్స్ తల 1930ల నాటిది. ఎం5, 10-32లకు సరిపోయేది పీహెచ్2 మొన. ఎం6, 12-24లకు కావాల్సింది పీహెచ్3. సంచిలో సాధారణంగా ఉండేది పీహెచ్2 ఒక్కటే కాబట్టి ఎం6 తలలో దాన్నే పెట్టి తిప్పుతారు. గాడిలో అడుగంటా ఆనదు, జారుతుంది, రెండు మూడుసార్లకు తల గుండ్రంగా అరిగిపోతుంది. స్క్రూ నాసిరకమని నిందించే ముందు మొన ఏదో చూడాలి. యూరప్ నుంచి వచ్చే ప్యాకెట్లలో పోజీడ్రైవ్ తలలుంటాయి. కూడిక గుర్తు మధ్యలో సన్నని ఇంకో నాలుగు గీతలుంటే అది పోజీడ్రైవ్, దానికి వేరే మొన. కొత్తగా కొనేవారు ఆరు కోణాల టార్క్స్ తల ఎంచుకుంటే ఈ బెడదే ఉండదు, అయితే గదికి ఎవరు వచ్చినా ఆ మొన వాళ్ల దగ్గర ఉండాలన్న నియమం ఒకటి తోడవుతుంది. చిన్న ఊళ్లో, రకరకాల మనుషులు వచ్చి పోయే గదిలో, ఫిలిప్స్ ఎం6ను పెట్టుకుని ర్యాక్ తలుపుకే ఒక పీహెచ్3 స్క్రూడ్రైవర్ వేలాడదీయడం మంచి ఏర్పాటు.

పొడవు: చెవి రెండు రెండున్నర మిల్లీమీటర్లు, స్తంభం రేకు రెండు, వాషరు ఒకటి, ఆ పైన నట్టు దాటి కొద్దిగా. 16 మిల్లీమీటర్ల ఎం6 దాదాపు అన్నిటికీ సరిపోతుంది. మందమైన పలకలకు 20 వాడొచ్చు గానీ, అక్కరలేని చోట వాడితే స్తంభం వెనక పొడుచుకొచ్చిన మొనలు కేబుళ్ల తొడుగును గీరుతాయి. చెవులను పరికరానికి బిగించే పొట్టి స్క్రూల విషయంలో మాత్రం ఏ ప్రయోగమూ వద్దు. అవి పోతే ఆ పొడవువే తెప్పించాలి. రెండు మిల్లీమీటర్లు ఎక్కువైనా లోపలి బోర్డును తాకవచ్చు.

స్ప్రింగు వాషరు వేస్తే వదులవదన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రచురించిన పరిశోధన, అడ్డంగా వచ్చే కదలికలే బోల్టులను ఊడదీస్తాయని చూపింది. ఆ తరహా పరీక్షల్లో స్ప్రింగు వాషర్లు పెద్దగా నిలవలేదు. కదలని గదిలో ఉన్న ర్యాక్‌కు సరైన బిగింపు చాలు. రైల్లోనో, ప్రసార వాహనంలోనో, జనరేటరు పక్కనో ఉన్న ర్యాక్‌కు మరల మీద నైలాన్ పూత ఉన్న స్క్రూ గానీ, మళ్లీ విప్పగలిగే రకం మర జిగురు గానీ వాడాలి.

పూత సంగతిలో ప్రాంతాన్ని బట్టి తీర్పు మారుతుంది. హైదరాబాదులో ఏసీ గదిలో ఉన్న ర్యాక్‌కు జింకు పూత ఉన్న మామూలు స్క్రూ ఎన్నేళ్లయినా చాలు. విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో గాలిలో ఉప్పు ఉంటుంది. అక్కడ తలుపు తెరిచే ఉండే గదుల్లో, భవనం బయట నిలబెట్టిన పెట్టెల్లో పలచని జింకు పూత తొందరగా తెల్లబడి, తర్వాత ఎర్రబడుతుంది. గూగుల్ 2025 అక్టోబరులో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్ని విశాఖకు ప్రకటించింది. అంత పెద్ద మందిరాలు తమ గాలిని తామే శుద్ధి చేసుకుంటాయి. నా ఆందోళన వాటి గురించి కాదు, అదే తీరంలో వీధి చివర ఉన్న ఫైబర్ పెట్టె గురించి. దానికి ఏ4 తరగతి స్టెయిన్‌లెస్ స్క్రూ వేయాలి. అయితే స్టెయిన్‌లెస్ స్క్రూను స్టెయిన్‌లెస్ నట్టులో పొడిగా, వేగంగా తిప్పితే రెండూ అతుక్కుపోయి ఇక కోయడమే దారి అవుతుంది. మరలకు యాంటీ సీజ్ పేస్టు రాసి నెమ్మదిగా తిప్పాలి. స్టెయిన్‌లెస్ స్క్రూకు జింకు పూత నట్టు జత చేయడం కూడా ఉప్పుగాలిలో మంచిది కాదు, ముందు నట్టు తినుకుపోతుంది.

జింకుతోనే ఇంకో వింత సమస్య ఉంది. విద్యుత్ పద్ధతిలో వేసిన జింకు పూత మీద ఏళ్లు గడిచాక కంటికి ఆనని సన్నని లోహపు వెంట్రుకలు మొలుస్తాయి. సర్వర్ గదుల్లో నేలకు ఎత్తుగా పరిచే పలకల అడుగున ఇవి పెరిగి, పలక కదిపినప్పుడు గాలిలో లేచి, పరికరాల్లోకి చేరి షార్ట్ సర్క్యూట్లు చేసిన ఉదంతాలను నాసా ఇంజనీర్లు విస్తారంగా నమోదు చేశారు. ఆ ముప్పులో స్క్రూ వాటా చాలా చిన్నది, దానికోసం స్క్రూలు మార్చాల్సిన పని లేదు. నేల పలకలూ పెద్ద పెద్ద రేకులూ కొనేటప్పుడు మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

ఎర్తింగ్ దగ్గర చాలామంది స్క్రూను అతిగా నమ్ముతారు. పొడి రంగు పూసిన స్తంభం, రంగు వేసిన చెవి, మధ్యలో నైలాన్ వాషరు ఉంటే విద్యుత్‌కు దారి ఎక్కడిది? రంగును గీరుకుని లోహాన్ని తాకే పళ్ల వాషర్లు, పళ్లున్న కేజ్ నట్లు ఇందుకే ఉన్నాయి. ర్యాక్‌కు కనీసం కొన్నైనా అవి పెట్టుకోవాలి. అంతకన్నా ముఖ్యం, పరికరానికి ఇచ్చిన ఎర్త్ బిందువు నుంచి రాగి తీగను లగ్‌తో ర్యాక్ ఎర్త్ పట్టీకి కలపడం. బిగించే స్క్రూ ఎర్త్ కాదు. ముఖం గీతలు పడకుండా ఉండాలని నైలాన్ వాషర్లు వాడే వారికి ఆ తీగ మరీ తప్పనిసరి.

కేజ్ నట్టు ఎక్కించడం చేతులకు తెలిసిన బాధ. వేళ్ల మధ్య నొక్కి దూర్చబోతే పంజరం అంచు గోరు కింద దిగుతుంది. స్క్రూడ్రైవర్‌తో తన్నబోతే అది జారి అరచేతిలో గుచ్చుకుంటుంది. కొక్కెంలా వంగిన చిన్న రేకు పనిముట్టు చాలా ప్యాకెట్లలో వస్తుంది, దాన్ని పారేయకూడదు. నట్టు స్తంభం వెనక నుంచి, రెండు రెక్కలూ ఎడమ కుడి అంచులను పట్టుకునేలా కూర్చోవాలి. యూ సరిహద్దు దగ్గర రెండు కన్నాల మధ్య మిగిలే రేకు మూడు మిల్లీమీటర్ల పైచిలుకే. రెక్కలు పైకీ కిందికీ పెడితే పక్క యూ నట్టుతో ఆ కొద్ది చోటు కోసం తగువు పడతాయి. రేకు మందాన్ని బట్టి పంజరాల్లోనూ తేడాలున్నాయి. పలచని రేకుకు చేసిన నట్టు మందమైన స్తంభంలో కూర్చోదు, మందానికి చేసింది పలచని దాంట్లో గలగలలాడి స్క్రూతో పాటే తిరుగుతుంది.

ఈ బాధకు విరుగుడుగా న్యూజిలాండ్ నుంచి ర్యాక్‌స్టడ్స్ అనే ప్లాస్టిక్ జత వచ్చింది. స్టడ్డును ముందు నుంచి కన్నంలోకి వాల్చి పెట్టి, పరికరాన్ని దానికి తగిలించి, వేళ్లతోనే నట్టు తిప్పేయవచ్చు. ఒంటి చేత్తో పని చేసేవారికి ఇది నిజమైన మేలు. ప్యాచ్ ప్యానెళ్లకు, చిన్న స్విచ్‌లకు నేను సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను. బరువైన వాటికి వద్దు. ప్లాస్టిక్ గనక ఎర్తింగ్‌కు ఏ మాత్రం లెక్కలోకి రాదు. ఇంకో దారి, స్క్రూనే తీసేయడం. ఫేస్‌బుక్ 2011లో మొదలుపెట్టిన ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్టు నుంచి వచ్చిన ఓపెన్ ర్యాక్ 19 అంగుళాల కొలతనే వదిలేసింది: లోపల 21 అంగుళాల చోటు, ఒక యూనిట్ 48 మిల్లీమీటర్లు, పరికరాలు అరల మీద జారి కూర్చుంటాయి. వేల సర్వర్లను ఒకే సంస్థ ఒకే తీరున నడిపే చోట ఆ పద్ధతికి సాటి లేదు. పదిమంది తయారీదారుల పరికరాలు పక్కపక్కనే ఉండే కాలేజీకో ఆసుపత్రికో అది పనికొచ్చే దారి కాదు. అక్కడ చదరపు కన్నమూ ఎం6 స్క్రూయే ఇంకా చాలా కాలం ఉంటాయి.

గోడ ర్యాక్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తెలుగు ఊళ్లలో ఎక్కువగా ఉన్నది అదే: బడిలో, బ్యాంకు శాఖలో, క్లినిక్‌లో, తల ఎత్తున 6 యూ లేదా 9 యూ పెట్టె. లోపలి స్క్రూల గురించి ఎంత శ్రద్ధ పెట్టినా మొత్తం బరువు గోడలోని నాలుగు యాంకర్ల మీదే ఉంటుంది. కాంక్రీటులోనూ గట్టి ఇటుకలోనూ మామూలు ఎక్స్‌పాన్షన్ యాంకర్ బాగా పట్టుకుంటుంది. ఇప్పటి కట్టడాల్లో వాడే తేలికపాటి ఏఏసీ బ్లాకు మెత్తనిది. అందులో ఆ యాంకర్ వ్యాకోచిస్తే బ్లాకే పొడిపొడిగా రాలుతుంది. ఆ గోడకు ప్రత్యేకించి చేసిన ప్లగ్గులు గానీ, రసాయన యాంకర్లు గానీ వాడాలి. లేదా గోడకు ఆవలి నుంచి రేకు వేసి బోల్టు దూర్చాలి. చిన్న యూపీఎస్‌ను కూడా ఆ పెట్టెలోనే పెట్టాలనుకుంటే, గోడ ఏదైనా సరే, దాన్ని నేల మీదికి దించడమే నా సలహా.

కొనుగోలు పత్రాల్లో ఇవన్నీ ఒక్క మాటగా కుదించుకుపోతాయి: 42 యూ ర్యాక్, హార్డ్‌వేర్ ప్యాకెట్ సహితం. ఆ ప్యాకెట్‌లో ఏముండాలో రాసే హక్కు కొనేవాడిది. చదరపు కన్నాల స్తంభాలు, వాటి రేకు మందం ఎంతో అంకెలో, ఆ మందానికి సరిపోయే ఎం6 కేజ్ నట్లు, 16 మిల్లీమీటర్ల ఎం6 స్క్రూలు, తల ఏ రకమో, వాషర్లు, ర్యాక్‌కు నాలుగైనా పళ్ల నట్లు, ఎక్కించే కొక్కెం ఒకటి. ప్రతి యూకూ నాలుగు చొప్పున లెక్కిస్తే 42 యూలకు 168 జతలు. నిజానికి చాలా పరికరాలు ఒకటికి మించిన యూలు తీసుకుంటాయి కాబట్టి అందులో సగంతో మొదలుపెట్టి, మిగతావి అదే తయారీదారు నుంచి అదే మరలో తర్వాత తెప్పించుకోవచ్చు. పరికరాల టెండరులో కూడా ఒక వాక్యం చేర్చాలి: ఎం6 చదరపు కన్నాల ర్యాక్‌కు సరిపోయే బిగింపు సామగ్రి ఇవ్వాలి, లేదా అసలు ఇవ్వకూడదు.